కుర్చీ గొడవను కుర్చీ గొడవగానే చూడండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. నాకు అరవై నాలుగేళ్లు. ఆయన రిటైరై చాలా కాలమైంది. మా పెళ్లయి నలభై ఏళ్లు నిండాయని అబ్బాయి సింగపూర్ నుంచి బయల్దేరే క్రూయిజ్‌కి టికెట్లు తీశాడు. వాడు కిటికీ ఉన్న గది చాలనుకున్నాడు. ఈయన పట్టుబట్టి, తన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి, తేడా డబ్బు తనే కట్టి బాల్కనీ గది తీసుకున్నారు. ఏజెంట్ చూపించిన ఫొటోలో మెత్తలు వేసి, కాళ్లు చాపుకుని వాలే కుర్చీలు ఉన్నాయి. తీరా ఓడ ఎక్కాక చూస్తే రెండు నిటారు కుర్చీలు, రెండు కప్పులు పట్టేంత బల్ల. రాత్రి లైటు కూడా వెలగలేదు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. గదిలో అద్దం ముందున్న మెత్తటి స్టూలు బయటికి తెచ్చుకుని కాళ్లు పెట్టుకుంటే, గది సర్దే కుర్రాడు వచ్చి సేఫ్టీ రూల్ అని చెప్పి, మర్యాదగానే తీసి లోపల పెట్టేశాడు. అంతే, అక్కడి నుంచి ఈయన ట్రిప్పంతా రిసెప్షన్ కౌంటర్ దగ్గరే గడిపారు. ఇంటికొచ్చాక ఏజెంట్ ఆఫీసుకి వెళ్లి పదిమందిలో అరిచారు. ఆ ఏజెంట్ మా అబ్బాయి స్నేహితుడు. ఇప్పుడు తండ్రీకొడుకులకు మాటల్లేవు. "కుర్చీ కోసం ఇంత రాద్ధాంతమా, సైకియాట్రిస్టుకి చూపించు" అంటాడు వాడు. "చవక బేరం చూసి నన్ను ముంచాడు" అంటారు ఈయన. ఇద్దరి మాటలూ నేనే మోస్తున్నాను. ఆయనకు తిండి, నిద్ర, పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడక అన్నీ మామూలే. మా పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చి, అక్కడే కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. అప్పట్లో వరండాలో ఆయనకు పడక కుర్చీ ఉండేది. ఇప్పుడు బాల్కనీలో వాషింగ్ మెషిన్, అబ్బాయి ఆఫీసు టేబులు ఉన్నాయి. ఇంకొక్క మాట. ఆయన కౌంటర్ దగ్గర పోట్లాడుతుంటే నేను ఒక్కదాన్నే ఆ నిటారు కుర్చీలో కూర్చుని సముద్రం చూశాను. చాలా హాయిగా అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. తప్పు చేశానా? పిల్లలు మళ్లీ ఎప్పుడైనా పంపిస్తామంటే వెళ్లాలా, వద్దా?

జవాబు: అమ్మా, ముందు సైకియాట్రిస్టు సంగతి తేల్చేద్దాం. పెద్ద వయసులో ఎన్నడూ లేని కోపం కొత్తగా మొదలై, దాంతోపాటు మతిమరుపు, నిద్ర పట్టకపోవడం, తిండి మీద మనసు లేకపోవడం, ఎవరినో అకారణంగా అనుమానించడం లాంటివి కనిపిస్తే డాక్టరుకు తప్పకుండా చూపించాలి. మీరు రాసినదాన్ని బట్టి మీ ఆయనలో అవేవీ లేవు. డబ్బు కట్టింది దక్కలేదని కోపం వచ్చిన మనిషికి జబ్బు అంటగట్టకూడదు. మీ అబ్బాయి ఆ మాట ఇంకోసారి అనకుండా చూడండి. ఇంట్లో ఒకసారి ఆ ముద్ర పడితే, రేపు ఆయన న్యాయమైన మాట చెప్పినా ఎవరూ చెవిన పెట్టరు.

ఇక కుర్చీ. మీ ఇంట్లో అందరూ "కుర్చీయే కదా" అన్నారు. బహుశా మీరు కూడా అనే ఉంటారు. నేను మాత్రం అనను. క్రూయిజ్‌లో గదులకు రేటు ఎలా కడతారో ఒకసారి చూడండి. కిటికీ లేని లోపలి గది అన్నిటికన్నా చవక. దాని మీద కిటికీ గది, ఆ పైన బాల్కనీ గది, ఆ పైన సూట్లు, అంటే అన్నిటికన్నా పెద్ద గదులు. లోపలి గదిలో ఉన్నవాళ్లూ, బాల్కనీ గదిలో ఉన్నవాళ్లూ తినేది అదే డైనింగ్ హాల్లో. ఈత కొట్టేది అదే పూల్‌లో. సాయంత్రం చూసే షో కూడా ఒక్కటే. మరి ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి కట్టిన తేడా డబ్బు దేనికి వెళ్లింది? గది తలుపు అవతల ఉన్న ఆ కాస్త జాగాకి, అందులో ఉన్న సామానుకి. అక్కడి సుఖాన్ని తగ్గిస్తే, ఆయన విడిగా డబ్బు కట్టిన ఒకే ఒక్క వస్తువు తగ్గిపోయినట్టు. టిఫిన్‌లో ఒక రకం తగ్గితే ఓడలో అందరికీ తగ్గుతుంది. ఇది బాల్కనీ గది వాళ్లకు మాత్రమే తగ్గింది. అందులోనూ కాళ్లు చాపుకోకపోతే మోకాళ్లు పట్టేసే మనిషికి నిటారు కుర్చీ ఇచ్చారు. కోపం రావడంలో వింతేమీ లేదు.

అయితే స్టూలు విషయంలో ఆ కుర్రాడి తప్పు లేదు, ఈ మాట మీ ఆయనకు చెప్పాలి. 2006 మార్చి 23న గ్రాండ్ కేమన్ నుంచి జమైకా వైపు వెళ్తున్న స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో తెల్లవారుజామున మంటలు లేచాయి. ఆరిపోకుండా పారేసిన సిగరెట్ ముక్క వల్ల ఒక బాల్కనీలో అంటుకుని ఉంటుందని దర్యాప్తులో తేల్చారు. బాల్కనీల్లో ప్లాస్టిక్ కుర్చీలు, పక్క గదికీ మన గదికీ మధ్య ప్లాస్టిక్ లాంటి అడ్డు పలకలు. గాలికి మంట ఒక బాల్కనీ నుంచి ఇంకో బాల్కనీకి, ఒక డెక్ నుంచి, అంటే ఓడ అంతస్తు నుంచి, పై డెక్‌కి పాకిపోయింది. పొగకు ఊపిరాడక ఒక ప్రయాణికుడు చనిపోయాడు. అప్పట్లో చాలా ఓడల్లో గదుల లోపల మంటలార్పే నీటి ఏర్పాటు ఉండేది కానీ బాల్కనీలో ఉండేది కాదు. ఆ తర్వాత అంతర్జాతీయ నిబంధనలు మారి 2008 జులై నుంచి అమల్లోకి వచ్చాయి. బాల్కనీలో మంటను పసిగట్టే, ఆర్పే ఏర్పాటు ఉండాలి, లేదా అక్కడ సులువుగా అంటుకోని సామానే ఉండాలి. గదిలోని మెత్తటి స్టూలు బయట పెట్టనివ్వకపోవడానికి ఇంత కథ ఉంది. ఆ కుర్రాడు దాన్ని తీసి లోపల పెట్టడం మీ ఆయన్ని చిన్నబుచ్చడానికి కాదు.

కానీ ఇదే నిబంధనను అడ్డం పెట్టుకుని కంపెనీ తప్పించుకోవడానికి లేదు. సేఫ్టీ అన్న మాట స్టూలుకు సరిపోతుంది, వాలు కుర్చీకి సరిపోదు. అల్యూమినియం చట్రం, వలలాంటి గుడ్డతో నిబంధనలకు తగ్గట్టుగానే కాళ్లు చాపుకునే కుర్చీలు చేస్తారు. ఎన్నో ఓడల్లో ఇప్పటికీ ఉన్నాయి. నిటారు కుర్చీకి తక్కువ చోటు చాలు, ఖరీదు తక్కువ, ఉప్పుగాలికి పాడైనా మార్చడం సులువు. టికెట్ రేటు కదలకుండా సౌకర్యం ఒక్కొక్కటే జారిపోతుంటే ప్రయాణికుడికి మండుతుంది మరి.

మీ ఆయన పక్షాన ఇంత మాట్లాడాను కాబట్టి, ఆయన చేసిన తప్పూ చెప్పేస్తాను. కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయికి కుర్చీలు మార్చే అధికారం ఉండదు. మొదటి రోజే "ఫొటోలో ఇది ఉంది, ఇక్కడ ఇది ఉంది, నాకు మోకాళ్ల సమస్య, ఏం చేస్తారు?" అని కాగితం మీద రాసిచ్చి, దానికి రసీదు తీసుకుని వచ్చేస్తే పని అయిపోయేది. అదనపు కుర్చీ ఏదైనా ఓడలో ఉంటే వేసి ఉండేవాళ్లు కూడా. దానికి బదులు ట్రిప్పంతా అక్కడే నిలబడ్డారు, అదీ మోకాళ్ల నొప్పితో! నలభై ఏళ్ల పెళ్లిరోజు పండగని కౌంటర్‌కి ధారపోశారు. ఇంటికొచ్చాక అబ్బాయి స్నేహితుడి మీద, అతని ఆఫీసులో పనిచేసేవాళ్ల ముందు అరవడం ఇంకా పెద్ద తప్పు. "చవక బేరం చూసి ముంచాడు" అన్నది అసలు నిజమే కాదు. కొడుకు తన సొంత డబ్బుతో మంచి గదే తీశాడు. అబ్బాయికి పరువు పోయిందన్న బాధ ఉంది, అది కూడా తీసిపారేసేది కాదు.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, ఈ ఫిర్యాదును తండ్రీకొడుకులిద్దరూ కలిసి రాయాలి. విషయం ఆయన చెప్పాలి, ఇంగ్లిష్ మెయిల్ అబ్బాయి టైప్ చేయాలి. ఒక్క పేజీ చాలు. బుకింగ్ నంబరు, గది నంబరు, ఏజెంట్ పంపిన ఫొటో, ఓడలో తీసిన ఫొటో, బాల్కనీ కోసం విడిగా కట్టిన మొత్తం. చివర ఏం కావాలో స్పష్టంగా ఉండాలి. తేడా డబ్బులో కొంత వాపసా, లేదంటే ఇంకో ప్రయాణానికి తగ్గింపా? "న్యాయం చేయండి" అని రాస్తే క్షమాపణ మెయిల్ ఒకటి వస్తుంది, అంతే. ఏజెంట్‌కి కూడా అదే మెయిల్ పెట్టండి. ఫొటో చూపించి అమ్మింది అతనే కాబట్టి కంపెనీతో మాట్లాడాల్సిన పూచీ అతని మీదా ఉంది. అయితే అంతకు ముందు మీ ఆయన అతనికి ఫోన్ చేసి, అరిచినందుకు ఒక మాట అనాలి. "బాబూ, ఆ రోజు కోపంలో నోరు జారాను" అంటే చాలు, పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. అబ్బాయి మనసు సగం అక్కడే మెత్తబడుతుంది.

మెయిల్‌కి పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అదీ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే, అంటే మన విశాఖలోనే, కేసు వేయవచ్చు. గొడవకు కారణమైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ఒక్క హెచ్చరిక. క్రూయిజ్ టికెట్ షరతుల్లో సౌకర్యాలు మార్చే హక్కు మాది అని చిన్న అక్షరాల్లో రాసుకునే కంపెనీలు చాలానే ఉంటాయి. కాబట్టి ఎంత వస్తే సరిపెట్టుకుంటారో, ఎక్కడ ఆపేస్తారో మెయిల్ పంపే ముందే ముగ్గురూ అనుకోండి. ఆ అంకె ఆయన నోటి నుంచే రావాలి. కొడుకు చెబితే మళ్లీ మొదటికి వస్తుంది.

మీరు రాయబారం మానేయండి. "నాన్నతో చెప్పు" అని అబ్బాయి అంటే "ఆయన హాల్లోనే ఉన్నారు, వెళ్లి చెప్పు" అనండి. అంతకు మించి ఒక్క మాట కూడా కలపొద్దు. మొదట్లో ఇద్దరూ మీ మీదే విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఇంత చిన్న ఫ్లాట్‌లో ఎన్నాళ్లని బిగుసుకుని ఉంటారు?

ఇంటి బాల్కనీ గురించి మీరు యథాలాపంగా రాశారు. నేను అక్కడ కాసేపు ఆగాను. మన ఊళ్లో సముద్రం కనిపిస్తుందని చదరపు అడుగుకి ఎక్కువ పెట్టి ఫ్లాట్ కొంటాం, ఆ బాల్కనీలో వాషింగ్ మెషిన్ పెట్టి, చుట్టూ గ్రిల్ బిగించి, దాని మీద తువ్వాళ్లు ఆరేస్తాం. మీ ఇల్లూ అలాంటిదే. వరండాలో పడక కుర్చీ వేసుకుని, పొద్దుటి పేపరు దగ్గర నుంచి రాత్రి గాలి వరకు తనకంటూ ఒక చోటున్న మనిషి, ఇప్పుడు హాల్లో టీవీ ముందు సోఫాలో ఓ మూల ఒదిగి కూర్చుంటున్నారు. కొడుకు ఆఫీసు మీటింగ్‌లో ఉంటే గొంతు తగ్గించుకుంటున్నారు కూడానేమో. అందుకే ఓడలో ఆ కుర్చీ కోసం అంత పట్టుబట్టారు అని నేను తేల్చి చెప్పను. ఆయన్ని కూర్చోబెట్టి "మీ అసలు బాధ ఇదేనా?" అని మీరూ అడక్కండి. మనసులోకి తొంగిచూసినట్టుంటే ఏ మగాడూ ఒప్పుకోడు, పైగా కుర్చీ గొడవను తేలిగ్గా తీసుకున్నారని ఇంకా మండిపడతారు. ఇంటి కుర్చీ సంగతి ఇంట్లో విడిగా మాట్లాడుకోవాల్సింది.

ఆ మాట మీరే ఎత్తండి, మీ కోసం ఎత్తండి. "నాకు సాయంత్రం కాసేపు బయట కూర్చోవాలని ఉంది, మెషిన్ బాత్రూమ్ పక్కకి మార్పిద్దాం" అని కోడలితో చెప్పండి. నీళ్ల పైపు, ప్లగ్ పాయింట్ కలిపి ప్లంబర్‌కి, ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని. అబ్బాయి టేబులు ఎటూ కదపలేమంటే, ఆఫీసు అయ్యాక ఆ చోటు మీది అని వేళ పెట్టుకోండి. మేడ మీద మూల పడేసిన పడక కుర్చీ ఉంటే దించండి. గుడ్డ చివికిపోయి ఉంటుంది, కొత్త కాన్వాస్ కుట్టించండి. లేకపోతే కొత్తది కొనండి.

మీరు ఒంటరిగా సముద్రం చూసి సంతోషపడ్డారు. అందులో తప్పు వెతికితే నాకు కనపడలేదమ్మా. ఆ సెలవు మీది కూడా. ఆయన పోట్లాడుతున్నారు కాబట్టి మీరూ మొహం వేలాడేసుకుని కూర్చోవాలని ఎక్కడా లేదు. దాచి పెట్టుకోవడం వల్లే అది దొంగతనంలా తోస్తోంది. ఆయనకు చెప్పండి. దెప్పుతున్నట్టు కాకుండా, ఏం చూశారో అది చెప్పండి. నీళ్లలోంచి చేప ఎగిరితే అది, దూరంగా ఏదో ఓడ దీపాలు కనిపిస్తే అవి. "మీరు లేరు" అన్న మాట జోడించొద్దు. ఆయనకు దానంతటదే తడుతుంది.

మళ్లీ వెళ్లాలా అని అడిగారు. వెళ్లండి. 2022 జూన్‌లో మన పోర్టు నుంచే క్రూయిజ్ ఓడ బయల్దేరింది, 2023 సెప్టెంబరులో ఇక్కడే క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు కాబట్టి ఊళ్లో ఈ ముచ్చట ఇక ఆగేది కాదు, పిల్లలు మళ్లీ అడుగుతారు. ఈసారి టికెట్ తీసే ముందు ఏజెంట్‌ని మెయిల్‌లో అడగండి. ఫలానా ఓడలో, ఫలానా డెక్‌లో, ఫలానా రకం గది బాల్కనీలో ఈ నెలలో ఏ కుర్చీలున్నాయి, రాత్రి లైటు వెలుగుతుందా, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు వాలు కుర్చీ ముందుగా కోరితే వేస్తారా? జవాబు రాతలో రాకపోతే బాల్కనీకి డబ్బు పోయొద్దు. కిటికీ గది తీసుకోండి. పై డెక్ మీద, పూల్ చుట్టూ వాలు కుర్చీలు అందరికీ ఉంటాయి. పొద్దున్నే వెళితే మంచి చోటే దొరుకుతుంది, మీ ఆయన ఎలాగూ చీకటితోనే లేస్తారు కదా. ఆ మెయిల్ మాత్రం మీ ఫోన్ నుంచి, మీ పేరుతో పెట్టండి.