కిటికీ రోబో తర్వాత, ముందు ఆ మూడు రూపాయల వడ్డీ

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. వయసు 39. బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను, జీతం 32 వేలు. నా భార్య ట్యూషన్లు చెప్పి నెలకు 6 వేలు తెస్తుంది. ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు 28 వేలు. పోయిన దీపావళికి మేడ మీది కిటికీ అద్దాలు తుడవడానికి మనిషిని అడిగితే 3,500 అన్నాడు. ఎందుకు దండగ అని నేనే సన్‌షేడ్ మీదికి దిగాను. జారిపడి కాలు విరిగింది. ఆస్పత్రికి 76 వేలయింది, రెండు నెలలు జీతం లేదు. దాచుకున్న 30 వేలు అయిపోయాక 90 వేలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. పది నెలలుగా వడ్డీ కడుతున్నాను. మళ్లీ పండగలు వస్తున్నాయి. ఈసారి నిచ్చెన, సన్‌షేడ్ గొడవ లేకుండా అద్దాలు తుడిచే రోబో కొందామనుకుంటున్నాను. 24 వేలు, నో కాస్ట్ ఈఎంఐలో నెలకు 2 వేలు. ఇరుగుపొరుగుకు అద్దెకిస్తే కొంత తిరిగి వస్తుంది కదా? ఇంకో 3 వేలు నెలనెలా మ్యూచువల్ ఫండ్ సిప్‌లో పెట్టాలని ఉంది. ఏ ఫండ్ మంచిది? ఇంట్లో నాలుగు తులాల బంగారం ఉంది. 20 రూపాయల ప్రమాద బీమా ఉన్నా పైసా రాలేదు.

జవాబు: ఏ ఫండ్ మంచిదో ఇప్పుడు చెప్పను. మీ ఉత్తరంలో ఆ ప్రశ్న చివర్న ఉంది, నా జాబితాలో కూడా దాని చోటు అక్కడే. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాగే ఉంటాయి. అప్పు సంగతి ఒక్క వాక్యంలో చెప్పేస్తారు, కొనబోయే వస్తువు గురించి మాత్రం నాలుగు వాక్యాలు రాస్తారు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది అందుకే.

ముందు లెక్క చూడండి. 3,500 మిగుల్చుకుందామని దిగారు. ఆస్పత్రికి 76 వేలు, పోయిన జీతం 64 వేలు, పది నెలల వడ్డీ 27 వేలు. మొత్తం 1,67,000. ఇందులో కాలు విరగడం వల్ల పోయింది 1,40,000. మిగతా 27 వేలు చేతిలో నెలన్నర ఖర్చుకు కూడా డబ్బు లేకపోవడం వల్ల పోయింది. మీరు దాచుకున్నది 30 వేలు, ఈ పది నెలల్లో వడ్డీగా కట్టింది 27 వేలు. అసలు మాత్రం ఇంకా 90 వేల దగ్గరే ఉంది. మూడు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది కానీ ఏడాదికి 36 శాతం. ఏ ఫండూ మీకు అంత తెచ్చిపెట్టదు. అలాంటి అప్పు నెత్తిన పెట్టుకుని సిప్ గురించి అడగడం నాకు కోపం తెప్పించింది, దాచుకోను.

రోబో ఈఎంఐ కూడా అప్పే. పేరులో 'నో కాస్ట్' ఉందని ఖర్చు లేదనుకోవద్దు. చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు తీసుకుంటాయి, వడ్డీ భాగం మీద జీఎస్టీ వేస్తాయి. ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు ఈఎంఐలో రాకపోవచ్చు. అద్దె ఆశ కూడా వదిలేయండి. ఆ యంత్రానికి కరెంటు వైరు కావాలి, కింద పడకుండా తాడుతో లోపల దేనికైనా కట్టాలి. గ్రిల్ అడ్డొచ్చే చోట, చిన్న చిన్న పలకల కిటికీల మీద అది పనికిరాదు. మన ఊళ్లో పాత ఇళ్లకు ఎక్కువగా ఉన్నవి అవే. పక్కింటివాళ్ల అద్దం మీద నుంచి ఊడి ఎవరి స్కూటీ మీదో పడితే ఆ ఖర్చు ఎవరిది?

కిటికీలు శుభ్రం కావాలన్న మీ కోరికలో తప్పేం లేదు. గోపాల్‌పూర్ సముద్రం మనకు పట్టుమని పదిహేను కిలోమీటర్లు. ఆ ఉప్పు గాలికి అద్దాల మీద తెల్లటి పొర పడుతుంది, తడి గుడ్డతో రుద్దితే ఇంకా మసకబారుతుంది. దీనికి 24 వేలు అక్కర్లేదు. మేడ మీది జారుడు కిటికీలు అల్యూమినియంవైనా యూపీవీసీవైనా చాలావాటికి తలుపును పై గాడిలోకి ఎత్తి, కింది అంచును లోపలికి లాగితే ఊడి గదిలోకి వస్తుంది. ఇద్దరు పట్టుకోవాలి, మంచం మీద పాత దుప్పటి పరిచి పెట్టుకోవాలి. అద్దానికి రెండు వైపులా కూర్చునే తుడుచుకోవచ్చు. బాత్‌రూమ్ గాజు పలకలూ లోపలి నుంచే ఒక్కొక్కటిగా జారి వస్తాయి. ఊడిరాని కిటికీలకు పొడవు పెంచుకునే కర్ర, దాని చివర మైక్రోఫైబర్ తొడుగు, రబ్బరు వైపర్ ఉంటే నేల మీద నిలబడో బాల్కనీలోంచో పని అయిపోతుంది. ఈ సరంజామా అంతా రెండు వేలలోపే.

బోరు నీళ్లతో చివరి కడుగు వద్దు. ఆరాక చారలు తేలతాయి. పట్టిన వాన నీళ్లు గానీ, ఆర్వో నీళ్లు గానీ వాడండి. ఎండ పడుతున్న అద్దాన్ని తుడవకండి, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ చేయండి. అద్దానికి రెండు వైపులా అతుక్కుని తుడిచే అయస్కాంతాల జత కూడా దొరుకుతుంది, అద్దం మందానికి సరిపడేది కొనాలి, బయటి ముక్కకు దారం కట్టాలి. ముందు ఇసుక కడగకుండా రుద్దితే మాత్రం అద్దం నిండా గీతలే. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటి పక్కన కరెంటు తీగలు పోతుంటే ఆ వైపు అల్యూమినియం కర్ర ఎత్తనే వద్దు. తడిస్తే ఫైబర్ కర్రనూ నమ్మకూడదు. అలాంటి కిటికీ ఒకటి మురిగ్గా ఉంటే ఉండనీయండి. మా ఇంటి మెట్ల మీది అద్దం నాలుగేళ్లుగా అలాగే ఉంది, చుట్టాలెవరూ ఇప్పటిదాకా అడగలేదు. ఇక సన్‌షేడ్ విషయానికి వస్తే, అది వాన ఆగడానికి పోసిన పలుచటి పలక, మనిషి నడవడానికి కాదు. వానాకాలం తర్వాత దాని మీద నాచు పట్టి ఉంటుందని మీకు నేను చెప్పాలా?

కిటికీల సంగతి అయింది. ఇప్పుడు అప్పు. బంగారం అమ్మమని చెప్పను. బ్యాంకులో పెట్టి 90 వేలు తీసుకోండి. వడ్డీ ఏడాదికి సుమారు 9 నుంచి 10 శాతం దగ్గర ఉంటుంది. నెలకు 2,700 పోయే చోట మొదట 750 పోతుంది, అసలు తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. మామూలుగా నేను తాకట్టు అప్పుకి సలహా ఇవ్వను, 36 శాతం అప్పు మూసేయడానికి మాత్రం ఇస్తాను. ఒక షరతు. ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టే పద్ధతి కాకుండా నెలవారీ వాయిదాల పద్ధతి అడగండి. ఏడాది తర్వాత 90 వేలు ఒక్కసారిగా తేలేక మళ్లీ మార్వాడీ దగ్గరికో, లోన్ యాప్‌కో పోయినవాళ్లు నాకు తెలుసు. మీ ఇంట్లో ఇప్పుడు ఖర్చులు, వడ్డీ పోను 7,300 మిగులుతోంది, ఆ వడ్డీ ఆగితే 10 వేలు. అందులో 7 వేలు బంగారం అప్పుకి, 3 వేలు అత్యవసర నిధికి. పద్నాలుగు నెలల్లో బంగారం ఇంటికి వస్తుంది. ఆ తర్వాత 10 వేలూ నిధికే.

ఆ నిధి గురించి ప్రతిసారీ చెప్పేదే మళ్లీ చెబుతాను, విసుగొచ్చినా సరే. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు 1,68,000. పైన చెప్పిన 1,67,000 పక్కన పెట్టి చూసుకోండి. మీ దుకాణంలో సెలవు జీతం లేదు. జీతం 21 వేలు దాటింది కాబట్టి ఉద్యోగుల బీమా అయిన ఈఎస్‌ఐ కింద కూడా రారు. అంటే మీరు మంచం పడితే అదే రోజు నుంచి ఇంటి రాబడి 6 వేలు. నిధి మొదట 28 వేలకు, అంటే ఒక నెల ఖర్చుకు చేరేదాకా దాన్ని తాకకండి. రోజూ వాడే ఖాతాలో ఉంచితే అది నిలవదు. ఫోన్‌పేకి కలపని వేరే ఖాతా తెరిచి జీతం పడిన మర్నాడే అందులోకి వెళ్లేలా పెట్టండి. పండగ, పెళ్లి, పిల్లల ఫీజు అత్యవసరాలు కావు, వాటి తేదీలు ముందే తెలుసు.

మీ 20 రూపాయల బీమా ఎందుకు ఇవ్వలేదని అడిగారు. అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్లు గానీ కాళ్లు గానీ చేతులు గానీ శాశ్వతంగా పోయినా 2 లక్షలు, ఒకటే పోతే 1 లక్ష. విరిగి అతుక్కున్న కాలికి అందులో ఏమీ రాదు. దాన్ని ఆపకండి, దానికి తోడుగా మంచాన ఉన్న వారాలకు డబ్బు ఇచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోండి. 5 లక్షల పాలసీకి వారానికి 1 శాతం, అంటే 5 వేలు ఇచ్చేవి ఉన్నాయి. ఆ లెక్కన మీ ఎనిమిది వారాలకు 40 వేలు వచ్చి ఉండేవి. 'తాత్కాలిక పూర్తి అంగవైకల్యం' అన్న మాట పాలసీలో ఉందో లేదో చదివాకే కట్టండి, ఏజెంటు నోటి మాట చాలదు.

కుటుంబానికి 5 లక్షల ఆరోగ్య బీమా కూడా ఈ ఏడాదే కావాలి. మీకు రేషన్ కార్డు ఉంటే ముందు ఒడిశాలో ఆయుష్మాన్ గోపబంధు పథకంలో పేరుందేమో చూసుకోండి. అత్తవారిది ఆంధ్రలోని ఇచ్ఛాపురం అని అక్కడి పథకం మీద ఆశ పెట్టుకునేవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. మీరు ఉండేది ఇక్కడైతే అది మీది కాదు. పైగా ఏ కార్డయినా ఆస్పత్రి బిల్లే కడుతుంది, ఇంట్లో బియ్యం కొనదు.

సిప్ మాత్రం, బంగారం విడిపించుకుని, నిధి నిండాక మొదలుపెట్టండి. రెండేళ్ల పైనే పడుతుంది.

వడ్డీ వ్యాపారికి డబ్బు కట్టే రోజు ఒక్కరే వెళ్లకండి. మీరు సంతకం పెట్టిన ప్రోనోటు, ఖాళీ చెక్కు ఏదైనా ఇచ్చి ఉంటే అదీ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. బాకీ తీరిందని అతని చేత రాయించుకోండి. 'నోటు ఊళ్లో ఉంది, రేపిస్తాను' అంటే మీరూ డబ్బు రేపే ఇవ్వండి.