వరి మడిలో నీళ్లు ఆరబెడితే భూతాపం తగ్గుతుందా? గొట్టం పాతడం నుంచి యూరియా దాకా

ప్రశ్న ఇది: భూమి వేడెక్కడానికి బొగ్గు, పెట్రోలు కారణమంటారు కదా, మరి వరి రైతుకు అందులో వాటా ఉందా? ఉంటే ఏం చేయొచ్చు?

వాటా ఉంది కానీ పెద్దది కాదు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అది బొగ్గు, చమురు, గ్యాస్ తగలబెట్టడం వల్ల, అడవులు నరకడం వల్ల పెరిగింది. థర్మల్ ప్లాంట్లను వదిలేసి వరి రైతును బోనెక్కించే మాటలు పట్టించుకోనక్కర్లేదు.

అయితే వేడెక్కించే వాయువుల్లో రెండో స్థానం మీథేన్‌ది. మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో దాదాపు పదో వంతు వరి పొలాల నుంచే వస్తుంది. ఇరవై ఏళ్ల లెక్కన టన్ను మీథేన్ సుమారు 80 టన్నుల కార్బన్ డయాక్సైడ్ చేసేంత పని చేస్తుంది. కానీ గాలిలో సగటున పన్నెండేళ్లే నిలుస్తుంది కాబట్టి, దీన్ని తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది.

మడిలో నీళ్లు నిలిస్తే మట్టికి గాలి అందదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు కొయ్యకాళ్లు, వేళ్ల చెత్త తిని మీథేన్ వదులుతాయి. అందులో ఎక్కువ భాగం బుడగలుగా కాక, వరి మొక్క కాండంలోని గాలి గొట్టాల గుండా పైకొస్తుంది. మట్టిని మధ్యమధ్యలో ఆరనిస్తే ఈ జీవుల పని ఆగిపోతుంది. సీజన్‌లో కొన్నిసార్లు ఇలా ఆరబెడితే మీథేన్ సుమారు సగం తగ్గుతుంది.

ఎంత ఆరాలో కంటిచూపుతో చెప్పలేం, నేల కింద నీటి మట్టం చూపించే గొట్టం కావాలి. నాలుగంగుళాల పీవీసీ పైపు 30 సెంటీమీటర్ల ముక్క తీసుకుని, కింది సగానికి చుట్టూ రెండేసి సెంటీమీటర్ల ఎడంతో 5 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయండి. గట్టు నుంచి కనీసం మీటరు ఎడంగా, మిట్టా పల్లం కాని చోట 15 సెంటీమీటర్లు భూమిలోకి దించండి. అంతకంటే లోతుకు కొడితే దమ్ము (నీళ్లు పెట్టి బురదగా దున్నిన మట్టి) కింది గట్టిపొర చిల్లుపడి నీళ్లు ఇంకిపోతాయి. లోపలి మట్టిని చేత్తో తోడేయాలి. నీళ్లు పెట్టిన కొన్ని గంటల తర్వాత లోపలా బయటా మట్టం ఒకేలా లేకపోతే రంధ్రాలు పూడుకున్నట్టే, తీసి కడిగి మళ్లీ పెట్టండి.

నాటిన రెండు వారాలకు మొదలుపెట్టండి. ఊద, తుంగ ఎక్కువగా ఉంటే ఇంకో వారం ఆగండి, నీళ్లు తీస్తే కలుపు రెచ్చిపోతుంది. గొట్టంలో మట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగాక 5 సెంటీమీటర్ల నీళ్లు పెట్టాలి. ఎకరానికి అది రెండు లక్షల లీటర్లు. తేలిక నేలలో ఒకట్రెండు రోజులకే దిగుతుంది, బరువు నేలలో వారం పైనే పట్టొచ్చు. తేదీ చూసి నీళ్లు పెట్టేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. నల్లరేగడి నెర్రెలు విచ్చేదాకా ఆగకండి, తర్వాత పెట్టిన నీళ్లన్నీ నెర్రెల్లోకే పోతాయి.

పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం నీళ్లు నిలవాల్సిందే. అప్పుడు బెట్టకొస్తే తాలు గింజలే మిగులుతాయి. వేడీ ఇదే దశలో దెబ్బతీస్తుంది: 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పాడై గింజ కట్టదు. యాసంగిలో ఆలస్యంగా నాటిన వరికి ఈ ముప్పు ఎక్కువ. రాత్రి వేడిని చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో, ఎండాకాలం పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గిందని 2004లో తేలింది.

యూరియా విషయంలో తప్పు జరిగితే చేసిన మేలు తగ్గిపోతుంది. తడిసి ఆరే మట్టిలో యూరియాలోని నత్రజని కొంత నైట్రస్ ఆక్సైడ్‌ వాయువుగా ఎగిరిపోతుంది. వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. అందుకే మడి ఆరి ఉన్నప్పుడు యూరియా చల్లి వెంటనే నీళ్లు పెట్టండి, మందు నీటితోపాటు లోపలికి దిగుతుంది. ఆ తర్వాత కొన్ని రోజులు ఆరనివ్వకండి.

గడ్డి తగలబెట్టడమూ తప్పే, దమ్ముకు ముందు పచ్చిగా కలియదున్నడమూ తప్పే. రెండోదానివల్ల మీథేన్ బాగా పెరుగుతుంది. కనీసం నెల ముందు, నీళ్లు నిలవని నేలలో కలిపితే చాలా తక్కువ వస్తుంది. డెల్టాలో సార్వాకూ (వానాకాలం పంట) దాళ్వాకూ (యాసంగి పంట) మధ్య అంత గడువు దొరకదు కాబట్టి, గడ్డిని పశువులకు తరలించడమే మేలు.

చౌడు నేలల్లో ఈ పద్ధతి వద్దు, ఆరితే ఉప్పు పైకొస్తుంది. వంతుల వారీగా నీళ్లొచ్చే కాలువ చివరి పొలాల్లోనూ కష్టమే, కావాల్సిన రోజు నీళ్లుండవు. బోరు కింద బాగా కుదురుతుంది. కాకపోతే ఉచిత కరెంటు ఉన్నచోట నీళ్లు మిగిల్చినా రైతు చేతికి రూపాయి రాదు. మార్చి చివర్లో బోరు వట్టిపోయే ఊళ్లలో మాత్రం ఆ మిగిలిన నీళ్లే పంటను గట్టెక్కిస్తాయి.