కోళ్లు బెదిరితే గుడ్డులో బలం తగ్గుతుందా?

కోళ్లు భయపడినా, ఇబ్బంది పడినా వాటి గుడ్లలో బలం తగ్గుతుందా అని అడిగారు. తణుకు దగ్గర మాకు పదకొండేళ్లు గుడ్ల కోసం కోళ్లు పెంచే లేయర్ ఫారం ఉండేది, ఐదు వేల కోళ్లు. నా దగ్గర ల్యాబు రిపోర్టులేం లేవు గానీ, గుడ్డు పెంకు తడిమి ముందురోజు షెడ్డులో ఏం జరిగిందో చెప్పేసేవాణ్ణి.

ఒకసారి అమ్మవారి జాతర ఊరేగింపు మా షెడ్డు పక్క సందులో ఆగింది. రాత్రి పదకొండు దాటాక అరగంట సేపు బాణసంచా, పైన డీజే. నేనూ నాన్నా లైట్లేసి చూస్తే కోళ్లన్నీ పంజరాల మూలలకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. తెల్లారి గుడ్లు ఏరే ముసలాయన కేకేశాడు, "బాబుగారూ, ఇయ్యాలన్నీ తోలుగుడ్లేనండీ!" అన్నీ కాదు లెండి, ఆయనకి కంగారెక్కువ. కానీ రోజూ వచ్చే 150 అట్టలకి (అట్టంటే 30 గుడ్లు) ఆ రోజు 131 వచ్చాయి. మిగతావి పట్టుకుంటే వేళ్లు దిగబడేంత మెత్తన. కింద పెంట మీద ఎక్కడ చూసినా సొన.

గుడ్డు తయారవడానికి ఒక రోజు పైనే పడుతుంది. అందులో 20 గంటలు పెంకుకే పోతాయి, అదీ ఎక్కువగా రాత్రిపూట. సరిగ్గా అప్పుడు అదిరిపడితే కొన్ని కోళ్లు పెంకు ముదరకుండానే గుడ్డు వదిలేస్తాయి. కొన్ని బిగబట్టుకుంటాయి. బిగబట్టిన దాని మీద సున్నం ఇంకో పూత పడుతుంది, వెనకొచ్చే గుడ్డు దానికి ఒత్తుకుని ఒక పక్క చదునైపోతుంది. తర్వాతి రెండు రోజులూ మాకు అలాంటివే దొరికాయి.

ఎండ ఇంకా దొంగదెబ్బ తీస్తుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పుతుంటే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, పెంకుకి కావలసిన సరుకు తగ్గిపోతుంది. మేత కూడా ముట్టదు, గుడ్డు చిన్నదవుతుంది. 2015 మే వడగాడ్పులకి షెడ్డు చుట్టూ గోనెపట్టాలు కట్టి తడుపుతూ కూర్చున్నాం. మిట్టమధ్యాహ్నం కరెంటు తీసేసేవాళ్లని మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఇక మీరడిగిన బలం సంగతి. నన్నడిగితే కోడి కష్టం ముందు పెంకులో, ఆ తర్వాత అట్టల లెక్కలో కనిపిస్తుంది. లోపల మాంసకృత్తులు ఆవిరైపోవు. తెల్లసొన నీళ్లలా జారుతోందంటే కోడికి జబ్బు చేసిందేమో, ముసలిదైందేమో. అంతకన్నా ముందు ఆ గుడ్డు కిరాణా కొట్టు గుమ్మంలో ఎన్నాళ్లు ఎండిందో అడగండి. పచ్చసొన రంగు చూసి కోడి సుఖంగా ఉందనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ రంగు మేతది. మొక్కజొన్న తగ్గించి నూకలు పెట్టండి, ఎంత హాయిగా ఉన్న కోడైనా పాలిపోయిన సొనే ఇస్తుంది. ఇది తెలియకే జనం టీ డికాషన్‌లో ముంచిన ఫారం గుడ్డుని నాటుగుడ్డని రెట్టింపు రేటుకి కొంటున్నారు.

మరుసటి ఏడు జాతరకి వారం ముందే నాన్న కమిటీ వాళ్లింటికి నాలుగు అట్టలు పంపారు. బాణసంచా చెరువు గట్టు మీద కాల్చారు. డీజే మాత్రం మా సందులోంచే వెళ్లింది.