అరుగు ఎవరి కోసం?

అమ్మా,

నీ ఉత్తరం అందింది. మీ డిజైన్ పిల్లల్ని జర్మనీ పిల్లలతో కలిపి వర్చువల్ వరల్డ్‌లో పని చేయిస్తానన్నావు. సెకండ్ లైఫ్ అని, కంప్యూటర్‌లో మన తరఫు బొమ్మతో (దాన్నే అవతార్ అంటారు) తిరుగుతూ ఇళ్లూ అవీ కట్టుకునే అలాంటి లోకం ఒకటుంది. అందులో ఈ పని రెండేళ్లు చేయించినవాణ్ణి కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటి వారం చొక్కాలు మార్చుకోవడానికీ, గాల్లో ఎగరడానికీ పోతుంది. పోనీ. జుట్టుకు పచ్చరంగు వేసుకుని ఎగిరేవాడి దగ్గర ఇంగ్లీషు తప్పుల బెరుకు ఎవరికీ ఉండదు.

ఆ తర్వాత, ఇద్దరి చెయ్యీ పడితే తప్ప పూర్తికాని పని ఇవ్వు. చెరో గది ఇచ్చావో, చెరో మూల చేరతారు. నేను రెండు జట్లకూ కలిపి ఒకే ఇంటి గుమ్మం ఇచ్చాను. మావాళ్లు అరుగు కట్టారు. అవతలివాళ్లకు అది అడ్డంగా కనిపించింది, తీసేద్దామని చూశారు. కుదర్లేదు. అక్కడ ఒకరు కట్టింది వాళ్లు అనుమతిస్తే తప్ప ఇంకొకరు కదపలేరు. దాంతో "ఇది ఎవరి కోసం?" అని అడగక తప్పలేదు. మావాళ్లకు జవాబు తట్టలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాని గురించి ఎవరు ఆలోచిస్తారు? దారినపోయేవాళ్లు కూర్చుంటారనీ, సాయంత్రాలు కబుర్లు అక్కడేననీ మెల్లగా కూడబలుక్కున్నారు. ఆ గంటసేపూ నేను నోరు విప్పలేదు. నువ్వూ విప్పకు. అనుమతులు కూడా మొదటిరోజే అందరికీ ఇచ్చేయకు.

మనవాళ్ల "ఓకే"తో జాగ్రత్త. ఎదురుగా ఉంటే తల ఊపే తీరులోనే అవునో కాదో పట్టేస్తాం. అవతార్ మెడ అలా ఊగదు. మొహమాటానికి ఓకే అని టైప్ చేసి, హాస్టల్‌కి వెళ్లి సణుక్కునేవాళ్లు. "నచ్చకపోతే పక్కనే ఇంకోటి కట్టి చూపించండి" అన్నాక దారికొచ్చారు.

టైము దగ్గర నేనే తప్పు చేశాను. వేసవిలో జర్మనీకీ మనకూ 3 గంటల 30 నిమిషాల తేడా. అక్టోబర్ చివరి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పితే 4 గంటల 30 నిమిషాలు. అది చూసుకోక మావాళ్లను గంట ముందే కూర్చోబెట్టాను. "మనమంటే లెక్కలేదు" అని ఒకటే అలక!

చేసిన పని స్క్రీన్‌షాట్లు, వీడియోలుగా మీ దగ్గర దాచుకోండి. ఈ లోకాలు ఎప్పుడు మూతపడతాయో చెప్పలేం. మొజిల్లా హబ్స్ అని ఇలాంటిదే ఇంకోటి, ఎంత సుఖంగా ఉండేదో, బ్రౌజర్‌లోనే తెరుచుకునేది. 2024 మే 31న మొజిల్లా దాన్ని మూసేసింది.

మార్కులు ఇల్లు చూసి వెయ్యకు, వాళ్లు టైప్ చేసుకున్న మాటల చిట్టా, అదే చాట్ లాగ్, చదివి వెయ్యి. ఎవరు ఎక్కడ మనసు మార్చుకున్నారో అందులో దొరుకుతుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు