సలహా కోసం వచ్చినవాళ్లతో కూర్చునేటప్పుడు

ప్రియమైన తమ్ముడికి, ప్రభువు నామంలో వందనాలు.

సంఘ బాధ్యత తీసుకున్నావు కాబట్టి పెళ్లి సంబంధం, అప్పు, గల్ఫ్ ప్రయాణం, ఏదైనా సరే "అయ్యగారూ, ఏం చేయమంటారు?" అంటూ నీ దగ్గరికే వస్తారు. వెంటనే చెప్పేయాలనిపిస్తుంది. చెప్పకు. నీ మాట మీద పెళ్లి చేసుకున్న పిల్ల, రేపు కష్టమొస్తే "అయ్యగారు చెప్పారని చేసుకున్నా" అంటుంది. "ఇది దేవుని చిత్తం" అని నువ్వే తేల్చేయడం ఇంకా ప్రమాదం. ఆ తర్వాత ఎవరూ నోరు విప్పరు.

చెప్పే బదులు అడుగు, జవాబు వాళ్ల నోటి నుంచే రానివ్వు. ప్రభువు కూడా అలాగే చేశాడు. బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనిపిస్తూనే ఉంది. అయినా నీకేం చేయాలని ప్రభువు అతణ్ణే అడిగాడు. ధర్మశాస్త్రోపదేశకుడికి సమరయుని ఉపమానం చెప్పి, దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి చూసిన ఆ ముగ్గురిలో అతనికి పొరుగువాడెవరో అతని నోటితోనే పలికించాడు.

నువ్వు కుర్చీలో, వాళ్లు చాప మీద వద్దు. ఇద్దరూ ఒకే ఎత్తులో కూర్చోండి. ఫోన్ పక్క గదిలో పెట్టు. ఆడవాళ్లు ఒంటరిగా వస్తే మీ ఇంటావిడ కూడా ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. గంట దాటనివ్వకు, మిగిలింది మరో రోజు.

ఒక కుర్రాడు "ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు రానా?" అని అడిగాడనుకో. ఈ ఆలోచన మొదట ఎప్పుడొచ్చింది, అప్పుడు ఉద్యోగంలో ఏం జరుగుతోంది అని అడుగు. మేనేజర్‌తో గొడవైన వారమే పిలుపు వినిపించిందేమో అతనికే తడుతుంది. భార్య ఏమంది? ఆరు నెలలు జీతం లేకపోతే ఇల్లెలా గడుస్తుంది? ఇప్పుడు సంఘంలో ఏ పని చేస్తున్నావు? ఒక్కో ప్రశ్న వేసి ఆగు, మనసులో పది లెక్కపెట్టు. చాలామంది సేవకులు మూడు దగ్గరే మళ్లీ మాట అందుకుంటారు, అసలు మాట అక్కడే ఆగిపోతుంది. "ఎందుకు" అని మొదలుపెట్టకు, పంచాయతీలో నిలబెట్టినట్టుంటుంది. "ఇంకొన్నాళ్లు ఆగితే మంచిది కదా?" అన్నది ప్రశ్నే కాదు, నీ తీర్పు.

చివరికి ఈ వారం చేయబోయే ఒక్క పని అతనే చెప్పాలి, తన చేత్తోనే రాసుకోవాలి. మళ్లీ కలిసే తేదీ అప్పుడే పెట్టుకోండి.

ప్రార్థన తొందరగా ఎత్తుకోకు. మన వాళ్లకు ప్రార్థన అంటే కూడిక అయిపోయినట్టే. కళ్లు తుడుచుకుని లేచిపోతారు. ముందు అతణ్ణి చేయమను, తర్వాత నువ్వు చెయ్యి, ప్రార్థనలో ప్రసంగం కలపకు. అతను చెప్పిందేదీ పేరు తీసేసి కూడా ఆదివారం వాక్యంలోకి రాకూడదు. ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది.

కొన్నిచోట్ల మాత్రం ప్రశ్నలు పక్కన పెట్టు. భర్త కొడుతున్నాడని వస్తే ముందు ఆమెను భద్రమైన ఇంటికి చేర్చు, మహిళల సహాయ నంబరు 181 ఇవ్వు. చచ్చిపోవాలనుందంటే ఒంటరిగా వదలకు. మానసిక సహాయ నంబరు 14416కి పక్కనే కూర్చుని ఫోన్ చేయించు. పసిపిల్లల మీద లైంగిక దాడి అయితే సంఘ పెద్దల మధ్య రాజీ కుదర్చడం తప్పు. పిల్లల్ని లైంగిక దాడుల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పకపోవడమే నేరం. పిల్లల సహాయ నంబరు 1098కి కూడా అదే రోజు ఫోన్ చెయ్యి.