రేపటి ఎన్నికలు, ఇంటి పుస్తకం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 2085లో జరిగే ఎన్నికల మీద సైన్స్ ఫిక్షన్ కథ రాశాను. ఎగిరే కార్లు, రోబో కార్యకర్తలు, మెదడులో చిప్ పెట్టుకున్న ముఖ్యమంత్రి, అన్నీ పెట్టాను. చదివినవాళ్లు మాత్రం "ఇవి ఇప్పటి రాజకీయాలే కదా" అంటున్నారు. ఎక్కడ తప్పింది?
(మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీరు వస్తువులన్నీ మార్చారు, నియమం ఒక్కటీ మార్చలేదు. పార్టీ రాజకీయం నడిచేది నియమాల మీద. డిపాజిట్ ఎంత, గుర్తు ఎవరికి దక్కుతుంది, పార్టీ మారితే పదవి ఉంటుందా ఊడుతుందా, ఇలాంటివి. వీటిలో ఒక్కదాన్ని మార్చండి. మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, అప్పుడు మనుషులు ఏం చేస్తారో రాయండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో పాఠకుడికి అంతుపట్టదు.

ముడిసరుకు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మన నల్లగొండ నుంచి 480 మంది బరిలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినపడాలని అంతమంది నామినేషన్లు వేశారు. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలే. ఆ ఏడాదే దాన్ని 10,000 చేశారు, 2010లో 25,000 అయింది (ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఇందులో సగం). ఇప్పుడు లెక్క వేయండి. ఈవీఎంలో ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు 16 మీటలు, 2013 నుంచి మొత్తం వరుసలో చివరిది నోటాకు (పోటీలో ఉన్నవాళ్లెవరూ వద్దనే మీట). 2019లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేస్తే ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు వరసగా పేర్చారు. ఎం3 రకం యంత్రానికి 24 యూనిట్ల దాకానే తగిలించవచ్చు, అంటే నోటాతో కలిపి 384. అదే 480 మంది మళ్లీ నిలబడితే 31 యూనిట్లు కావాలి. యంత్రం చేతులెత్తేస్తుంది, కాగితం బ్యాలెట్ తిరిగి రావాల్సిందే.

మీ 2085లో డిపాజిట్ మళ్లీ 500 అయిందని ఒక్క వాక్యం రాయండి. కథ దానంతటదే కదులుతుంది. ఒక అవ్వ దుప్పటంత కాగితాన్ని బల్ల మీద పరిచి, తన గుర్తు ఏ మూల ఉందోనని వేలు పెట్టి వరస వరసా వెతుకుతుంటుంది. బయట లైన్ బడి గేటు దాటి చింతచెట్టు దాకా పోతుంది. పోలింగ్ ఐదింటికి ముగియదు. అప్పుడు ఏ పార్టీకి లాభం? తొందరపడేది ఎవరు, ఆలస్యం కావాలనుకునేది ఎవరు? అక్కడ మీ పాత్రలు పుడతాయి.

ప్రశ్న: నా కథలో మూడో వంతు ఎమ్మెల్యేలు చీలిపోయి వేరే పార్టీలో చేరతారు, పదవులూ కాపాడుకుంటారు. ఇది చెల్లదని మా మిత్రుడు అంటున్నాడు.
(నాగర్‌కర్నూల్)

జవాబు: కథాకాలం 2003కు ముందైతే చెల్లుతుంది. ఫిరాయింపుల చట్టం 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూల్‌గా వచ్చింది. అందులో మూడో వంతు చీలికకు మినహాయింపు ఉండేది. 2003లో 91వ సవరణ దాన్ని తీసేసింది. ఇప్పుడు మిగిలింది విలీనం ఒక్కటే, దానికి శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. 40 మంది ఉన్న పక్షంలో 27 మంది కావాలి, 26 చాలరు. ఆ 27వ మనిషి ఎవరన్నది మంచి కథావస్తువు.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. విప్‌ను, అంటే ఇలా ఓటేయమన్న పార్టీ ఆదేశాన్ని ధిక్కరించి ఓటేసినంత మాత్రాన పదవి వెంటనే పోదు. 15 రోజుల్లోపు పార్టీ క్షమిస్తే అనర్హత లేదు. అనర్హతను తేల్చేది స్పీకర్, ఆ షెడ్యూల్‌లో ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గడువు లేదు. మామూలు పరిస్థితుల్లో మూడు నెలల్లో తేల్చాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ కథలో "90 రోజులు దాటితే సీటు దానంతటదే ఖాళీ" అని పెట్టి చూడండి. 89వ రోజు రాత్రి ఎవరి ఫోన్ ఎవరికి మోగుతుందో రాసే పని మీది.

ప్రశ్న: నీళ్లు మరిగించి ఫ్లోరైడ్ పోగొట్టుకునే కుటుంబం గురించి రాస్తున్నాను, సరేనా?
(మర్రిగూడ)

జవాబు: దయచేసి రాయకండి, మీ ప్రాంతంలో చదివినవాళ్లు నమ్మితే ప్రమాదం. మరిగిస్తే నీళ్లు ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న మూడు లీటర్లను రెండు లీటర్లు అయ్యేదాకా మరిగిస్తే అది 3 మిల్లీగ్రాములు అవుతుంది. తాగునీటికి మన ప్రమాణాల్లో 1 దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా పర్వాలేదంటారు.

కథకు పనికొచ్చేది మన జిల్లా పేరుతోనే ఉంది, 'నల్లగొండ టెక్నిక్'. నీళ్లలో ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసిన పద్ధతి. బకెట్ నీళ్లలో ముందు సున్నం, తర్వాత పటిక ద్రావణం కలిపి పది నిమిషాలు మెల్లగా తిప్పాలి, క్రిముల కోసం బ్లీచింగ్ పౌడర్ కూడా వేస్తారు. గంటసేపు కదపకుండా ఉంచితే దూదిపింజల్లాంటి తెట్టు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి చేరుతుంది. కుళాయి అడుగు నుంచి రెండు మూడు అంగుళాల పైన ఉండాలి, లేదంటే మడ్డి కూడా వస్తుంది. పటిక ఎంత వేయాలన్నది నీటిలో ఫ్లోరైడ్‌నూ క్షారతనూ బట్టి ఉంటుంది, సున్నం సుమారుగా పటికలో ఇరవయ్యో వంతు. పక్క ఊరి కొలత మన బోరుకు పనిచేయదు. పటిక ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. రోజూ పోగయ్యే ఆ మడ్డిని ఏ వాడకట్టు పక్కన పోయాలి? మీ కథలో పంచాయతీ రాజకీయం మొత్తం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

ప్రశ్న: సంభాషణల్లో పాలమూరు యాస పెట్టొచ్చా?
(కొల్లాపూర్)

జవాబు: తప్పకుండా పెట్టండి. 2085లోనూ మనుషులు ఇంటి భాషే మాట్లాడతారు. ఒక మాటను ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాయకుండా చూసుకుంటే చాలు.

ప్రశ్న: నలుగురం కలిసి రాసిన కథలను వంద ప్రతులు సొంతంగా పుస్తకం వేయాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?
(నకిరేకల్)

జవాబు: ఏ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. కాబట్టి మొత్తం పేజీలు 4తో భాగించబడాలి. 12 పాయింట్ల అక్షరంతో పేజీకి సుమారు 180 మాటలు పడతాయి. 3,600 మాటలకు 20 పేజీలు, పేరు పేజీ, విషయ సూచికలతో కలిపి 24 అనుకోండి. ప్రతికి 6 కాగితాలు, వందకు 600, చెడిపోయేవాటికి ఓ 40 అదనం.

పేజీల వరసలోనే అందరూ తడబడతారు. 24 పేజీల పుస్తకంలో, మడవని కాగితం మీద ఒకేవైపు పక్కపక్కన అచ్చయ్యే రెండు పేజీల నంబర్ల మొత్తం ఎప్పుడూ 25 రావాలి. బయటి కాగితం మీద ఒకవైపు 24, 1. వెనకవైపు 2, 23. లిబ్రేఆఫీస్ రైటర్‌లో ప్రింట్ చేసేటప్పుడు 'బ్రోచర్' ఎంచుకుంటే వరస అదే పేర్చుకుంటుంది. రెండువైపులా ముద్రించేటప్పుడు పొట్టి అంచు మీద తిప్పమని చెప్పాలి. పొడుగు అంచు ఎంచుకుంటే వెనక పేజీలు తలకిందులవుతాయి. ముందు ఒక్క ప్రతి తీసి, మడిచి, చివరిదాకా చదివాకే వంద వేయించండి.

ఫోన్‌లో టైప్ చేసింది యూనికోడ్. డీటీపీ సెంటర్లలో చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు వాడతారు, వాటి అక్షరాల సంకేతాలు వేరు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే కన్వర్టర్ వేస్తే వత్తులు చెదురుతాయి. 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం', 'కర్తృత్వం' లాంటి మాటల్ని వెతికి చూడండి, తప్పులు ముందు అక్కడే పడతాయి. మీరే ఫాంట్ పొదిగి ఉన్న పీడీఎఫ్ తయారుచేసి ఇస్తే ఈ తిప్పలుండవు.

లోపలికి 70 లేదా 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని కాగితం మందం చెప్పే కొలత) కాగితం, అట్టకు 200 జీఎస్‌ఎం. అట్టను మడిచే ముందు స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో గీత నొక్కితే మడత దగ్గర పగలదు. పొడుగు చేతి స్టేప్లర్ దొరక్కపోతే మామూలు స్టేప్లర్‌ను పూర్తిగా తెరిచి, కింద న్యూస్‌పేపర్ల మందపాటి మడత పెట్టి, బయటివైపు నుంచి రెండు పిన్నులు కొట్టి, లోపల కాళ్లను చెంచాతో వంచండి. మడిచాక మధ్య కాగితాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి వస్తాయి, అంచు కత్తిరించాలి. అందుకే పేజీ నంబర్ అంచుకు కనీసం 12 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి.

ఎన్నికల సమయంలో పంచుతుంటే ఇంకో జాగ్రత్త. ఏదైనా అభ్యర్థిని గెలిపించమనో ఓడించమనో చెప్పేలా ఉంటే అది ఎన్నికల కరపత్రం కిందికి వస్తుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు మొదటి పేజీ మీదే ఉండాలి. ప్రచురించేవారు సంతకం చేసి, తమను ఎరిగిన ఇద్దరితో ధ్రువీకరించిన పత్రాన్ని రెండు ప్రతులుగా ప్రెస్సుకు ఇవ్వాలి. ఆ పత్రంలో ఒక ప్రతినీ, పుస్తకం ఒక ప్రతినీ ప్రెస్సువాళ్లు జిల్లా మెజిస్ట్రేట్‌కు పంపుతారు. అభ్యర్థుల ఊసే లేని కథలైతే ఇదేమీ అక్కర్లేదు.