పోలిష్ వాళ్ళకి ‘ఓవర్‌టేక్’, ‘పాస్’ తేడా ఎలా చెప్పాలి?

ఆఫీసులో పోలిష్ సహోద్యోగులకు ఇంగ్లీష్ నేర్పుతుంటే అందరూ ‘ఓవర్‌టేక్’, ‘పాస్’ దగ్గరే తడబడుతున్నారని, ఆ తేడా ఎలా చెప్పాలని మీరు అడిగారు. నేను ఆరేళ్ళుగా పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ నగరంలో ఉంటున్నాను. మా టీమ్‌తో ఇదే తంటా పడ్డాను కాబట్టి చెప్తున్నాను.

వాళ్ళ ఇబ్బంది మాటలు తక్కువై కాదు, ఎక్కువై. మనం ‘దాటి వెళ్ళాను’ అని సరిపెట్టేసే చోట వాళ్ళకి మూడు క్రియలున్నాయి. మనం పోయే వైపుకే పోతున్న బండిని దాటితే ‘విప్షెద్జాచ్’. ఎదురొస్తున్న బండి పక్కనుంచి పోతే ‘విమియాచ్’. ఆగి ఉన్న బండినో, రోడ్డు మీది అడ్డంకినో తప్పించి పోతే ‘ఒమియాచ్’. ఇదేదో వ్యాకరణ పండితులు చేసిన విభజన అనుకోకండి. 1997 నాటి వాళ్ళ ట్రాఫిక్ చట్టంలోనే మూడింటికీ విడివిడిగా నిర్వచనాలున్నాయి. డ్రైవింగ్ నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ ఇవి తెలుసు.

ఇంగ్లీష్‌లో ఈ మూడింట్లో మొదటిదానికే తనకంటూ ఒక మాట ఉంది, ఓవర్‌టేక్. అమెరికా వాళ్ళు దానికి కూడా ‘పాస్’ అనేస్తారు. అసలు చిక్కంతా ఈ ‘పాస్’తోనే. అవతలి బండి ఎటు పోతోందో అది చెప్పదు.

మా టీమ్‌లో ఒకావిడ సెలవులకు ఐర్లండ్ వెళ్ళి, కెర్రీలో అద్దె కారు తీసుకుంది. అక్కడి రోడ్లు ఇరుకు, పైగా ఎడమ పక్క డ్రైవింగ్. ఎదురొచ్చిన వ్యాన్‌కీ ఈవిడ కారుకీ సైడ్ మిర్రర్లు రాసుకున్నాయి. ప్రమాదం ఎలా జరిగిందో రాసిచ్చే ఫారంలో ‘ఐ వాజ్ పాసింగ్ ఎ వ్యాన్’ అని రాసింది. ఆవిడ మనసులో ఉన్నది విమియాచ్. చదివినవాళ్ళకి మాత్రం ఇరుకు సందులో వ్యాన్‌ని ఓవర్‌టేక్ చేయబోయి తగిలించినట్టు అర్థమైంది. తప్పంతా ఆవిడ మీదే పడింది. రెండు వారాలు ఫోన్లు, మెయిళ్ళు, టెన్షన్. చివరికి నా పక్కన కూర్చుని ఒక బొమ్మ గీసి, వాక్యంలో ‘ఆన్‌కమింగ్’ అన్న ఒక్క మాట చేర్చి పంపితే విషయం తేలింది.

అప్పటినుంచి నేను మాటల జాబితా ఇవ్వడం మానేశాను. “అవతలి బండి ఏం చేస్తోంది?” అని అడుగుతాను. ఎదురొస్తుంటే ఆ సంగతి విడిగా చెప్పమంటాను: ‘ఐ పాస్డ్ ఎ వ్యాన్ కమింగ్ ది అదర్ వే’. ఆగి ఉంటే ‘ఐ వెంట్ రౌండ్ ఎ పార్క్డ్ బస్’. పోలిష్‌లో క్రియే మోసే బరువును ఇంగ్లీష్‌లో పక్క మాటలు మోయాలి. ఇది ఎక్కితే సగం పని అయినట్టే. వాళ్ళ రోడ్ల మీదే ఎర్ర కారు, నల్ల కారు పక్కపక్కన ఉన్న గుండ్రటి బోర్డు ఉంటుంది కదా, అది చూపించండి. అది ఆపేది ఓవర్‌టేక్‌ని. ఆ బోర్డున్న చోట ఆగిపోయిన బండి పక్కనుంచి పోతే తప్పు లేదు. ఆ తేడా వాళ్ళకి వెంటనే వెలుగుతుంది.

డిక్షనరీతో జాగ్రత్త. ఒమియాచ్ అని వెతికితే ‘అవాయిడ్’ అని కూడా వస్తుంది. ‘ఐ అవాయిడెడ్ ది బస్’ అంటే వినేవాళ్ళకి గుద్దబోయి తప్పించుకున్నట్టుంటుంది. ఇంకొకాయన ‘ఎ ట్రక్ టుక్ మీ ఓవర్’ అన్నాడు. లారీ వచ్చి ఆయన్ని కంపెనీతో సహా కొనేసిందేమో అని నవ్వుకున్నాం. ఓవర్‌టుక్, ఓవర్‌టేకెన్ అని నాలుగుసార్లు పైకి అనిపించండి, చాలు.

నవ్వాను కానీ, నేనేం తక్కువ తినలేదు. వచ్చిన కొత్తలో ‘ఎ లారీ క్రాస్డ్ అజ్’ అని చెప్తే మా మేనేజర్ కంగారుపడి, “మీ ముందుకి అడ్డంగా వచ్చిందా?” అని అడిగాడు. మనూళ్ళో అందరం అలాగే అంటాం కదా, పక్కనుంచి పోయిందంతే అని చెప్పేసరికి తాతలు దిగొచ్చారు.